పదవీ విరమణ చేసిన జాగిలం



ప్రత్యేక సంచికకు ఒక చరిత్ర వ్యాసం వ్రాయవలసిందిగా మన కార్యదర్శి గారు ఫోను చేసినప్పుడు, "ఈసారి గ్రేహౌండ్ గురించి వ్రాస్తానండీ" అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. చివరికి, "పోలీసుల వ్యవహారం మన పత్రికలో ఎందుకండీ?" అన్నారు. తప్పు ఆయనది కాదు. మన ప్రాంతంలో ఆ మాటకు అర్థం అదే. 1989లో కె.ఎస్. వ్యాస్ గారు నెలకొల్పిన ప్రత్యేక పోలీసు దళానికి ఆ పేరు పెట్టారు. చింతపల్లి, పాడేరు వైపు ఉద్యోగాలు చేసి వచ్చిన మన సభ్యులకు ఆ పేరు కొత్త కాదు. కాని ఆ దళానికి పేరిచ్చిన జంతువును చూసినవారు మనలో తక్కువ. దాని జాతిదే ఒకటి 2019 నుంచి మా ఇంట్లో ఉంటోంది. ఇప్పుడు ఈ వ్యాసం వ్రాస్తున్న బల్ల కిందనే నిద్రపోతోంది.

నేను ట్రెజరీలో పని చేసి రిటైరైన వాడిని. ముప్ఫై ఏళ్ళకు పైగా ఇతరుల పెన్షన్ బిల్లులు పాస్ చేసి, ఆ తరువాత నా బిల్లు ఇంకొకరు పాస్ చేస్తుంటే చూస్తున్నాను. ఈ కుక్క చరిత్ర వెతకబోతే అది కూడ పెన్షన్ సంగతిగానే తేలింది. అందుకే మీకు విన్నవిస్తున్నాను.

మొదట చూసినది మెల్‌బోర్న్‌లో

2018లో మా అమ్మాయి దగ్గర ఆరు నెలలుందామని మేమిద్దరం ఆస్ట్రేలియా వెళ్ళాము. అక్కడికి వెళ్ళిన తల్లిదండ్రుల పరిస్థితి మీలో చాలామందికి అనుభవమే. పిల్లలు ఆఫీసుకు పోతే వీధిలో మనిషి కనిపించడు. ప్రక్క ఇంటిలో ఒక ముసలాయన, ట్రాములు నడిపి రిటైరైన మనిషి, ఒంటరిగా ఉండేవాడు. ఆయన రోజూ ఉదయం ఒక పొడుగుకాళ్ళ కుక్కను తిప్పేవాడు. నడుము పిడికిట పట్టేటట్లు ఉండేది. డొక్కలు లెక్కపెట్టవచ్చు. పాపం తిండి పెట్టడు కాబోలు అని మా ఆవిడ అనుమానం. ఒకనాడు మా ఆవిడే ఉండబట్టలేక ఒక ఇడ్లీ పట్టుకుని వెళ్ళింది. ఆయన నవ్వి, ఆ జాతి శరీరమే అంత అని చెప్పి, చెవి మడిచి లోపల చూపించాడు. పచ్చబొట్టు పొడిచిన అక్షరాలు. పందెపు కుక్కలకు పుట్టిన కొన్ని నెలలకే అలా గుర్తు వేస్తారట. మన పి.పి.ఓ. నంబరు వంటిది అనుకోండి.

ఆ కుక్క పందేలలో పరుగెత్తి, వేగం తగ్గిన తరువాత దత్తతకు వచ్చినది. అక్కడి విక్టోరియా రాష్ట్రంలో అటువంటి వాటిని ఇళ్ళకు అలవాటు చేసి దత్తత ఇచ్చే ఏర్పాటు 1996 నుంచి ఉంది. ఆ రోజుల్లో గ్రేహౌండ్‌ను వీధిలో తిప్పాలంటే మూతికి బుట్ట కట్టాలని చట్టం. పరీక్ష నెగ్గిన దానికి మాత్రం ఆకుపచ్చ పట్టీ ఇచ్చి బుట్ట మినహాయించేవారు. పెంపుడు గ్రేహౌండ్లకు ఆ నిబంధన 2019 జనవరి నుంచి తీసివేశారు. ముసలాయన కుక్క మెడలో ఆ పచ్చ పట్టీ ఉండేది. తామిద్దరూ రిటైరైనవాళ్ళమేనని, అందులో తనకంటె అదే ఎక్కువ నిద్రపోతుందని ఆయన ఛలోక్తి. కొన్నాళ్ళకు ఆయన మోకాలు నొప్పి చేసి, ఉదయం పూట తిప్పే పని నాకు అప్పజెప్పాడు. నా తీరిక సమయానికి అది ఒక ఉద్యోగమైంది.

బెల్లమ్మ

తిరిగి వచ్చిన మరుసటి ఏడాది, 2019 ఆగస్టులో, ఒక ఉదయం మన బెల్లం మార్కెట్ ప్రక్కగా నడకకు వెళ్తున్నాను. (అప్పటికి అనకాపల్లి ఇంకా విశాఖ జిల్లాలోనే ఉంది. మనం జిల్లా అయింది 2022 ఏప్రిల్ 4న.) ఆగివున్న లారీ కింద, వాన తడి లేని చోట ముడుచుకుని ఒక కుక్క కనిపించింది. ఆ పొడుగు మూతి, ఆ విల్లు వంటి నడుము చూసేసరికి మెల్‌బోర్న్ గుర్తుకు వచ్చి నిలబడిపోయాను. వెనుక కాలు నేల మీద మోపడం లేదు.

దిమ్మలు దింపుతున్న కళాసీ ఒకడు, "ఏటి బాబూ అలా సూస్తన్నారు? అది ఏటకుక్కండి. కుందేళ్ళకి తెచ్చినారు. కాలు పోనాది. ఇంకెందుకని ఇక్కడ ఒగ్గేసి ఎల్లిపోనారు," అన్నాడు.

చెరకు తోటల్లో కుందేళ్ళను తరిమించడానికి ఇటువంటి కుక్కలను ఎక్కడెక్కడి నుంచో కొని తెస్తుంటారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం కుందేలు వేట నేరం. ఆ సంగతి తెలిసినవారు చాటుగా చేస్తారు, తెలియనివారు బాహాటంగా చేస్తారు. ఎవరు చేసినా కుక్కకు మాత్రం కాలు బాగున్నంత కాలమే అన్నం.

ఆటోలో వేసుకుని ఇంటికి తెచ్చాను. మా ఆవిడ గుమ్మంలోనే నిలబడి, "ఏవండీ, ఇంట్లో రిటైరైనవాళ్ళం ఇద్దరం చాలమా? మూడోదాన్ని తెచ్చారు," అంది. అని, లోపలికి పోయి పాత దుప్పటి తెచ్చింది. రంగు ఇంచుమించు పాత బెల్లం రంగు. ప్రక్కింటి పిల్లలు బెల్లమ్మ అని పిలవడం మొదలుపెట్టారు. పేరు పెట్టే పని మాకు తప్పింది.

పశువైద్యుడు చూసి, కాలి ఎముక ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కుందని, ఇప్పుడు చేసేదేమీ లేదని, వయసు నాలుగేళ్ళుండవచ్చునని చెప్పారు. పూర్తి గ్రేహౌండ్ కాదట. గ్రేహౌండ్ నెత్తురు ఎక్కువగా కలిసిన మన దేశపు వేటకుక్క. ఆ మాట పట్టుకునే నేను పుస్తకాలు తిరగేశాను.

వేల ఏళ్ళ ఉద్యోగం

ముక్కుతో వాసన పట్టే వేటకుక్కలు వేరు, కంటితో చూసి తరిమేవి వేరు. ఈ రెండో వర్గం చాల పాతది. ఈజిప్టు సమాధుల గోడల మీద సన్నని నడుము కుక్కలు కనిపిస్తాయి. గ్రీకుల హోమరు చెప్పిన ఒడిస్సీ కథలో ఆర్గస్ అనే వేటకుక్క ఉంది. యజమాని యుద్ధానికి పోయి ఇరవై ఏళ్ళకు మారువేషంలో తిరిగి వస్తాడు. ఒకప్పుడు అడవిమేకలను, లేళ్ళను, కుందేళ్ళను తరిమిన కుక్క పెంటకుప్ప మీద, ఒంటినిండా పిడుదులతో పడి ఉంటుంది. ఇంట్లో ఎవరూ దాని వంక చూడరు. యజమానిని గుర్తుపట్టినది అదే. తోక ఆడించి, చెవులు వాల్చి, ప్రాణం విడుస్తుంది. బెల్లమ్మ చెవుల్లోంచి పిడుదులు ఏరుతున్న రోజుల్లో ఈ కథ చదివాను. ఆ రాత్రి మా ఆవిడకు చెప్పబోతే, "చాలు, ఆపండి" అంది.

ఇంకొక గ్రీకు రచయిత అర్రియన్. అలెగ్జాండరు మన దేశం మీదికి వచ్చిన చరిత్ర మనకు తెలియడానికి ఈయన గ్రంథాలు ముఖ్యమైన ఆధారం. క్రీస్తు శకం రెండవ శతాబ్దం వాడు. ఆయనే వేటకుక్కల మీద ఒక చిన్న గ్రంథం వ్రాశాడు. అందులో తన ఆడకుక్క హోర్మె సంగతి ఉంది. తాను ఇంట్లో ఉంటే అది ఇంట్లో ఉంటుందట, బయలుదేరితే వెంట వస్తుందట. దాని పేరు ముందు తరాలకు మిగలాలనే వ్రాస్తున్నానని కూడ చెప్పుకున్నాడు. ఈ కుక్కలకు మెత్తని, వెచ్చని పక్క కావాలని, మనిషి ప్రక్కన పడుకుంటే మరీ మంచిదని ఆయన సలహా. పందొమ్మిది వందల ఏళ్ళ నాటి ఈ సలహా మా ఇంట్లో అక్షరాలా అమలవుతోంది. నా మంచం సగం పోయింది.

మన సాహిత్యంలో కుక్క స్థానం ఏమిటని అడిగితే చాలామంది నీచోపమానాలే చెబుతారు. కాని మహాభారతం ఆదిపర్వంలో, జనమేజయుని యాగశాల దగ్గరకు వచ్చిన సారమేయుని రాజు తమ్ములు నిష్కారణంగా కొడితే, తల్లి సరమ వచ్చి రాజును నిలదీస్తుంది. కారణం లేకుండా కొట్టినవారికి ఊహించని ఆపద వస్తుందని చెప్పి పోతుంది. ఆఫీసు భాషలో చెప్పాలంటే అది ఒక రిప్రజెంటేషన్. ఇక చివర మహాప్రస్థానంలో, వెంట వచ్చిన కుక్కను వదిలి స్వర్గానికి రానని ధర్మరాజు పేచీ పెట్టడం అందరికీ తెలిసినదే. ప్రబంధాల్లో వేట వర్ణన తప్పనిసరి అంశాలలో ఒకటి. అక్కడ జాగిలాల హడావుడికి లోటుండదు. హంపీలో మహానవమి దిబ్బ రాళ్ళ మీద వేట దృశ్యాలు చెక్కి ఉన్నాయి. వేట అయిన తరువాత ఆ కుక్కలు ఏమైనాయో ఏ కవీ చెప్పలేదు, ఏ శిల్పీ చెక్కలేదు.

దక్షిణాదిన ఇటువంటి జాతులు ఇంకా మిగిలి ఉన్నాయి. కర్ణాటకలోని ముధోల్ సంస్థానాధీశుడు మాలోజీరావు ఘోర్పడే తన ప్రాంతపు వేటకుక్కల జతను ఐదవ జార్జి చక్రవర్తికి బహూకరించిన తరువాత వాటికి ముధోల్ హౌండ్ అనే పేరు స్థిరపడింది. తమిళనాడులో రాజపాళయం కుక్కకు మనకూ కొంచెం చుట్టరికం ఉంది. ఆ ఊరికి ఆ పేరు రావడానికి కారణమైన రాజులు తెలుగు నేల నుంచి వలస వెళ్ళినవారు. నేటికీ వారి ఇళ్ళలో తెలుగు మాట్లాడతారు. 2005 జనవరిలో తపాలా శాఖ నాలుగు దేశవాళీ జాతుల మీద బిళ్ళలు విడుదల చేసింది. వాటిలో ముధోల్, రాజపాళయం, రాంపూర్ మూడూ వేటకుక్కలే. నాలుగోది హిమాలయ గొర్రెల కాపరి కుక్క. మన కొల్లేటి ప్రాంతపు జోనంగికి మాత్రం ఆ గౌరవం దక్కలేదు. ఇది నా వ్యక్తిగత ఫిర్యాదు.

బొమ్మ కుందేలు

ఇంగ్లండులో కుందేలును వదిలి దాని వెనుక రెండు గ్రేహౌండ్లను ఉసికొల్పే పందేలు ప్రభువుల వినోదం. 1776లో స్వాఫమ్ అనే ఊళ్ళో దీనికి ఒక సంఘం కూడ పెట్టారు. 1836లో మొదలైన వాటర్లూ కప్ 2005 వరకు జరిగింది. ఆ సంవత్సరం కొత్త చట్టం అమలులోకి వచ్చి అటువంటి పందేలు నిలిచిపోయాయి. ఈలోగా అమెరికాలో ఓవెన్ పాట్రిక్ స్మిత్ అనే ఆయన, ప్రాణమున్న కుందేలుకు బదులు పట్టా మీద పరుగెత్తే బొమ్మ కుందేలును తయారు చేసి, 1919లో కాలిఫోర్నియాలోని ఎమెరివిల్‌లో మైదానం తెరిచాడు. కుందేలు బ్రతికింది. కుక్కకు మాత్రం పని పెరిగింది. 1926 జులై 24న మాంచెస్టర్‌లో, మరుసటి ఏడు సిడ్నీలో పందేలు మొదలయ్యాయి. సాయంత్రం పూట, దీపాల వెలుగులో, కార్మికులు పని దిగి వచ్చి చిల్లర డబ్బులు ఒడ్డగలిగే ఆట అది. మిక్ ది మిల్లర్ అనే కుక్క 1929లోను, 1930లోను ఇంగ్లిష్ డెర్బీ గెలిచి సినిమా తారలా వెలిగింది. దాని దేహాన్ని భద్రపరచి ట్రింగ్ అనే ఊళ్ళోని మ్యూజియంలో ఈనాటికీ ఉంచారు.

మ్యూజియంలో చోటు దొరికింది ఒకదానికి. మిగిలిన వాటి లెక్క చూద్దాము. పందెపు కుక్క ఏడాదిన్నరకు ఉద్యోగంలో చేరుతుంది. నాలుగైదేళ్ళకు విరమణ. ఆయుర్దాయం పది నుంచి పద్నాలుగేళ్ళు. అంటే ఉద్యోగం కంటె విశ్రాంతి కాలమే చాల ఎక్కువ. ఆ విశ్రాంతి కాలానికి పద్దు ఏ ఖాతాలోనూ లేదు. ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ ప్రభుత్వం నియమించిన మెక్‌హ్యూ విచారణ సంఘం 2016లో నివేదిక ఇచ్చింది. అంతకు ముందు పన్నెండేళ్ళలో ఆ ఒక్క రాష్ట్రంలో వేగం చాలదని, పనికిరావని చంపివేసిన కుక్కలు 48,891 నుంచి 68,448 వరకు ఉండవచ్చునని అంచనా వేసింది. ఆ అంకెలు నేను రెండుసార్లు చదివాను. ట్రెజరీ అలవాటు వల్ల మొత్తం సరిపోయిందా అని చూస్తాము కాని, ఇక్కడ ఏది దేనితో సరిచూడాలో తెలియలేదు. ఆ జులైలో ప్రభుత్వం పందేలు నిషేధిస్తామని ప్రకటించి, అక్టోబరులో వెనక్కు తగ్గింది. కాన్‌బెర్రా ప్రాంతంలో మాత్రం 2018లో నిషేధించారు. అమెరికాలో ఫ్లోరిడా ఓటర్లు అదే సంవత్సరం వద్దని తీర్పు చెప్పగా 2020 ఆఖరుకు అక్కడి మైదానాలు మూతబడ్డాయి. 2018లోనే మకావ్‌లో మైదానం మూసినప్పుడు ఐదు వందలకు పైగా కుక్కలు మిగిలిపోగా, వాటికి దేశదేశాల్లో ఇళ్ళు వెతికారు.

పరదేశపు తప్పులే ఎంచనక్కరలేదు. మన సైన్యంలో పని చేసిన కుక్కలను సర్వీసు ముగిశాక చాలవరకు కారుణ్య మరణం పేరుతో పంపివేస్తున్నారన్న సంగతి 2015లో సమాచార హక్కు చట్టం కింద అడిగితే బయటపడింది. అటు తరువాత వాటిని పోషించే, దత్తత ఇచ్చే పద్ధతి వచ్చింది. మన సంగతి మాత్రం? ఏటా డిసెంబరు 17న పెన్షనర్ల దినం జరుపుకుంటున్నాము. 1982లో ఆ రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పెన్షన్ ప్రభువుల దయాదాక్షిణ్యం మీద ఇచ్చేది కాదని, చేసిన సేవకు రావలసిన హక్కు అని అందులో స్పష్టం చేశారు. ఆ తీర్పు వచ్చినప్పుడు నేను చిన్న గుమాస్తాను. సర్క్యులర్ ఫైలులో పెట్టి సంతకం చేశాను. దాని బరువు అప్పుడు తెలియలేదు.

దినచర్య

ఇంట్లో ఇటువంటి జీవి ఉంటే ఏమి చెయ్యాలో చెబుతాను. ఎవరికైనా పనికి రావచ్చు.

దీనికి ఒంటి మీద కొవ్వు లేదు, చర్మం పలచన. గచ్చు మీద పడుకుంటే మోచేతుల దగ్గర కాయలు కాచి పుండ్లు పడతాయి. అందుకని మా ఆవిడ పాత చీరలతో మందమైన బొంత కుట్టింది. రోజులో పదహారు, పదిహేడు గంటలు దాని మీదే. కూర్చోవడం దీనికి సుఖం కాదు, తొడ కండలు అడ్డు వస్తాయి. నిలబడాలి, లేకపోతే పడుకోవాలి. చలికాలం ఉదయం మా మనవడి పాత స్వెట్టరు తొడుగుతాము. వేసవిలో మన అనకాపల్లి ఉక్క మీకు తెలియనిది కాదు. తెల్లవారి ఐదున్నర లోపున, సాయంత్రం నేల చల్లారిన తరువాత తప్ప బయటికి తీసుకుపోను. రోడ్డు మీద అరచెయ్యి ఆనించి, నాకు ఓర్చుకోగలిగిన వేడి అయితేనే దాని పాదానికి.

తిండి రెండు పూటలా కొద్దికొద్దిగా. ఉప్పు, కారం లేని అన్నం, ఉడికించిన కోడిమాంసం లేక గుడ్డు, గుమ్మడికాయ ముక్కలు, పెరుగు. తిన్న వెంటనే పరుగు పనికిరాదు. లోతైన ఛాతీ కుక్కలకు పొట్ట ఉబ్బి మెలిపడే ప్రమాదం ఉంది. ఉల్లిపాయ, ద్రాక్ష, చాక్లెట్ కుక్కలకు విషం. మనవలకు ఇది ప్రత్యేకంగా చెప్పాలి. ఈ జాతికి పళ్ళు త్వరగా పాడవుతాయి కనుక వారానికి నాలుగైదుసార్లు తోముతాను. పేరు బెల్లమ్మే కాని బెల్లం పెట్టము. మార్కెట్ వైపు వెళ్తే మాత్రం ముక్కు పైకెత్తి నిలబడిపోతుంది.

మెడ పట్టీ సంగతి అన్నిటికంటె ముఖ్యం. మిగతా కుక్కలకు తల పెద్దది, మెడ సన్నం. దీనికి మెడే లావు, తల సన్నం. మామూలు పట్టీ వెనక్కు లాగితే ఊడి వస్తుంది. వెడల్పాటి తోలు పట్టీ, లాగినకొద్దీ కొంచెం బిగిసేది కావాలి. ఇది నేను తెలిసి కూడ అశ్రద్ధ చేశాను.

2021 సంక్రాంతి వెళ్ళిన వారం. కొత్త పట్టీ కుట్టుపని ఊడిందని పాతది కట్టి, శారదా నది వైపు తోటల దారిలో నడుస్తున్నాను. ముందర ముంగిస ఒకటి దారి దాటింది. చేతిలో పట్టీ మిగిలింది, కుక్క లేదు. వంకర కాలు అని మనం అనుకుంటాము. కంటికి ఒక వస్తువు కదిలితే దానికి ఆ సంగతి గుర్తుండదు. మంచి గ్రేహౌండ్ గంటకు 60 కిలోమీటర్లకు పైగా పరుగెత్తుతుంది. ఒక్కొక్క అంగలో రెండేసి సార్లు నాలుగు కాళ్ళూ గాలిలోనే ఉంటాయి. ఇది అందులో సగం వేగమే అయినా, అరవై ఎనిమిదేళ్ళ నాకు ఏమి అందుతుంది? పేరు పెట్టి అరుస్తూ గట్లమ్మట పడి పరుగెత్తాను. చెరకు నరికిన పొలం దాటాక కనిపించలేదు. ఒక వైపు రైలు కట్ట, ఇంకొక వైపు హైవే. రెండు గంటలు వెతికాను. ఇంటికి ఫోను చెయ్యడానికి ధైర్యం చాలలేదు.

బెల్లం వండే పాక దగ్గర ఒక ముసలమ్మ కేకేసి, "మీదేనా బాబూ ఈ కుక్క? రగతం కారిపోతన్నాది. తొరగా రండి," అంది. ఈ జాతి దమ్ము నాలుగైదు వందల గజాలే. ఆ తరువాత కూలబడిపోతాయి. పొయ్యి ప్రక్కన చెరకు పిప్పి మీద పడి ఉంది. నరికిన చెరకు మొదలు గుచ్చుకుని తొడ మీద చర్మం జానెడు పొడుగున చీరుకుపోయింది. ముసలమ్మ తన తుండు తడిపి అదిమి పట్టుకుని ఉంది. నేను వచ్చే వరకు చెయ్యి తియ్యలేదు.

ఆసుపత్రిలో ఇంకొక గండం. కుట్లకు మత్తు ఇవ్వాలి. థయోపెంటోన్ వంటి పాత మత్తుమందు ఇస్తే, ఒంట్లో కొవ్వు లేకపోవడం వల్లను, కాలేయం దానిని నిదానంగా విరచడం వల్లను ఈ కుక్కలు చాలసేపు తేరుకోవు, ఒక్కొక్కప్పుడు తేరుకోకుండానే పోతాయి. మెల్‌బోర్న్ ముసలాయన ఈ మాట ఒక అట్టముక్క మీద వ్రాసి కుక్క పట్టీకి కట్టి ఉంచేవాడు. అది గుర్తుండి డాక్టరుగారికి చెప్పాను. ఆయనకు ముందే తెలుసు, వేరే మందు తీశారు. రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు తక్కువ వచ్చాయి. ఊళ్ళో పిడుదుల జ్వరం ఎక్కువ కనుక అదేమోనని కంగారుపడ్డాము. గ్రేహౌండ్లకు అవి సహజంగానే తక్కువ, ఎర్రకణాలు సహజంగానే ఎక్కువ, మామూలు కుక్కల పట్టికతో పోల్చకూడదని ఆయనే చెప్పారు. ఇరవై రెండు కుట్లు పడ్డాయి. ఆ రాత్రి మా ఆవిడ బొంత మీద దాని తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నాతో రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజున చెప్పులు కుట్టే అతని దగ్గరకు స్వయంగా వెళ్ళి, కొలత ఇచ్చి, రెండు పట్టీలు చేయించి తెచ్చింది. ఒకటి కట్టడానికి, ఒకటి ఊడితే కట్టడానికి.

ముసలమ్మకు తుండు కొని పట్టుకెళ్ళాను. తుండు పుచ్చుకుంది. డబ్బు ఇవ్వబోతే, "దాని నోరు లేని జన్మకి నాను కూలి తీసుకుంతానా?" అని కోప్పడింది.

ఉపయోగం

"దీనివల్ల ఉపయోగం ఏమిటండీ?" అని మా వీధిలో అడగనివారు లేరు. మొరగదు. దొంగ వస్తే తోక ఊపుతుందని నాకు గట్టి నమ్మకం. దీపావళి టపాసులకు మంచం కింద దూరుతుంది. వేటకు కాలు లేదు, కాలున్నా పంపను. నెలకు తిండికి, మందులకు, ఏటా రేబిస్ టీకాకు ఖర్చు. ఈ ప్రశ్నను ఇంకొక రూపంలో మనలో చాలామంది మన ఇళ్ళలోనే విని ఉంటాము. కనుక జవాబు వెతికే ప్రయత్నం మానుకున్నాను.

రోజూ ఉదయం ఐదింటికి అది నా చెయ్యిని ముక్కుతో పొడిచి లేపుతుంది. ఆ నడక వల్ల నాకు షుగరు అదుపులోకి వచ్చిందని మా డాక్టరు అంటారు. ఇది మాత్రం రికార్డు కోసం వ్రాస్తున్నాను.

ఇప్పుడు దానికి పదేళ్ళు దాటి ఉంటాయి. మూతి పూర్తిగా తెల్లబడింది. వంకర కాలు చలికి పట్టేస్తే, లేవడానికి రెండుసార్లు ప్రయత్నించి నా వంక చూస్తుంది. నడుము కింద చెయ్యి వేసి లేపాలి. నేను కుర్చీలోంచి లేవడానికీ ఇంచుమించు అంతే సమయం పడుతుంది. మెల్‌బోర్న్ ముసలాయన కుక్క ముందు పోయింది, ఆ తరువాత రెండేళ్ళకు ఆయనా పోయారు. ఆ పచ్చ పట్టీని మా అమ్మాయి అడిగి తీసుకుని, ఇక్కడికి వచ్చినప్పుడు తెచ్చి ఇచ్చింది. బెల్లమ్మ మెడకు అది సరిపోలేదు. దేవుడి గది తలుపు మేకుకు తగిలించి ఉంచాము.

బల్ల కింద కదలిక వినిపిస్తోంది. సాయంత్రం నడక వేళ అయింది. మా ఆవిడ పట్టీ పట్టుకుని గుమ్మంలో నిలబడి, బకిల్ నేను సరిగా పెట్టానో లేదో చూడడానికి కళ్ళజోడు వెతుక్కుంటోంది.